రీకాల్ అయిన వస్తువు మీ ఇంట్లో ఉందేమో ఇలా చూసుకోండి

లోపమున్న వస్తువును కంపెనీ వెనక్కి పిలవడమే రీకాల్. ఆ వార్త వచ్చినప్పుడు కంపెనీ పేరు ఒక్కటే చూస్తే సరిపోదు. మోడల్ నంబరు, తయారైన నెల, బ్యాచ్ కూడా కలిస్తేనే అది మీ వస్తువు. అందుకే కొన్న రోజే దాన్ని తిరగేసి అడుగున ఉన్న సన్నక్షరాలను ఫోన్లో ఫొటో తీసి, బిల్లు ఫొటో పక్కనే దాచండి. రెండేళ్లకు ఆ అక్షరాలు అరిగిపోతాయి.

మన వంటింట్లో ముందు చూడాల్సింది ప్రెషర్ కుక్కర్. 2021 ఫిబ్రవరి 1 నుంచి దానికి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. ఆ నిబంధనకు తగ్గట్టు లేని 2,265 కుక్కర్లు అమెజాన్ ద్వారా అమ్ముడైతే, వాటిని వెనక్కి తీసుకుని డబ్బు తిరిగివ్వాలని 2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆదేశించింది. మార్కు పైన ఐఎస్ 2347 అని, కింద సీఎం/ఎల్‌తో మొదలయ్యే లైసెన్సు నంబరు ఉండాలి. బొమ్మ ఎవరైనా అచ్చేస్తారు, కాబట్టి ఆ నంబరును భారత ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి. యాప్ చూపించే కంపెనీ, కుక్కర్ మీది కంపెనీ వేరైతే దాన్ని పొయ్యి మీద పెట్టకండి.

మూత కూడా తీసి చూడండి. వెయిట్ తీసేసి ఆవిరి పోయే వెంట్ గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే అవతలి వెలుగు కనపడాలి. పప్పు నురగ ఎండి అక్కడ అడ్డుపడితే ఆవిరికి మిగిలిన దారి సేఫ్టీ వాల్వు ఒక్కటే. వేడి హద్దు దాటగానే అందులోని లోహం కరిగి దారివ్వాలి. నాసిరకం వాల్వులో అది కరగకపోతే మూత ఎగిరిపోతుంది. అందుకే బజారులో దొరికిన ఏదో ఒక వాల్వు బిగించకండి, కుక్కర్ కంపెనీదే, ఆ మోడల్‌దే వేయండి. పప్పు వండేటప్పుడు సగానికి మించి నింపకండి.

లిథియం బ్యాటరీల రీకాళ్లకు అంతే లేదు. 2016లో శాంసంగ్ గెలాక్సీ నోట్ 7 ఫోన్ బ్యాటరీ లోపలి షార్ట్ సర్క్యూట్లతో అంటుకుంది. 2025 జూన్‌లో ఆంకర్ పవర్‌కోర్ 10000, మోడల్ ఎ1263 పవర్ బ్యాంకులను అమెరికాలో 11 లక్షలకు పైగా వెనక్కి పిలిచారు. పవర్ బ్యాంకు ఉబ్బినా, తియ్యటి రసాయన వాసన వచ్చినా ఛార్జింగ్ ఆపేయండి. నొక్కొద్దు, గుచ్చొద్దు, చెత్తబుట్టలో వేయొద్దు. మండే వస్తువులు లేనిచోట పెట్టి, ఈ-వేస్ట్ తీసుకునే కేంద్రానికి ఇవ్వండి.

పిల్లల వస్తువుల్లో బటన్ బ్యాటరీ ప్రాణాంతకం. మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. వాంతి చేయించకుండా నేరుగా ఆసుపత్రికి పరుగెత్తండి. బొమ్మల బ్యాటరీ మూతకు స్క్రూ ఉండాలి, గోరుతో ఊడొచ్చేది వద్దు. అమెరికాలో ఉన్న మనవాళ్లు పసిపిల్లల సామాను ఒకరికొకరు ఇచ్చుకోవడం మామూలే. ఏటవాలుగా పడుకోబెట్టే ఫిషర్-ప్రైస్ రాక్ ఎన్ ప్లే మాత్రం ఎవరిచ్చినా తీసుకోకండి. పసికందుల మరణాల తర్వాత 2019లో 47 లక్షల వాటిని వెనక్కి పిలిచారు. అక్కడ కొన్నవాటిని అమెరికా వినియోగ వస్తువుల భద్రతా సంస్థ సీపీఎస్‌సీ వెబ్‌సైటులో మోడల్ పేరుతో వెతకాలి. సూట్‌కేసులో ఇండియాకు తెచ్చినవాటికీ అంతే, వాటి రీకాల్ సంగతి ఇక్కడ ఎవరూ ఇంటికొచ్చి చెప్పరు.

కారుకైతే ఆర్‌సీలోని ఛాసిస్ నంబరును కంపెనీ వెబ్‌సైటులోని రీకాల్ పేజీలో కొట్టండి. ముఖ్యంగా పాత కారు కొంటున్నప్పుడు. జపాన్ కంపెనీ టకాటా చేసిన ఎయిర్‌బ్యాగ్‌లలోని బ్యాగును ఉబ్బించే అమ్మోనియం నైట్రేట్ ఏళ్ల తరబడి వేడి, తేమ తగిలి పాడై, బ్యాగ్ తెరుచుకునేటప్పుడు లోహపు డబ్బానే ముక్కలు చేసింది. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో తిరిగిన బండికి ఈ తనిఖీ వాయిదా వేయకండి. రీకాల్ మరమ్మతు ఉచితం.

కంపెనీ తప్పించుకుంటుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. బిల్లు, లేబుల్ ఫొటోలు, కంపెనీకి రాసిన ఈమెయిల్ ముందు పెట్టుకుని మాట్లాడండి. ఫిర్యాదు నంబరు రాసుకోండి. వస్తువును మాత్రం అప్పుడే పారేయొద్దు, మీ చేతిలో ఉన్న సాక్ష్యం అదే.