సెకండ్ హ్యాండ్ సైక్లోక్రాస్ సైకిల్ కొనేముందు ఎక్కడెక్కడ చేయి పెట్టి చూడాలి

సైక్లోక్రాస్ అంటే బురద, గడ్డి, మెట్లున్న చుట్టుదారిలో సాగే సైకిల్ రేసు, మధ్యమధ్య సైకిల్‌ను భుజాన వేసుకుని పరిగెత్తాలి కూడా. రేసు దాదాపు గంటే. ఆ కాసేపట్లోనే బేరింగుల్లోకి, కేబుళ్లలోకి, సీట్‌పోస్ట్ గొట్టంలోకి బురదనీళ్లు దూరిపోతాయి. రేసు కాగానే చాలామంది ప్రెషర్ వాషర్‌తో కడిగేస్తారు. బురదతో పాటు బేరింగుల్లోని గ్రీజూ పోతుంది. కాబట్టి ఫొటోలో తళతళలాడే సైకిల్‌ను చూసి మురిసిపోవద్దు. పైన గీతలున్నా లోపల గ్రీజు ఉన్న సైకిలే మేలు.

ఇంకో మాట. చైను, క్యాసెట్ (వెనక చక్రానికుండే గేర్ల పళ్లచక్రాలు), బ్రేక్ ప్యాడ్లు, హ్యాండిల్ టేపు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఫ్రేము సైజు, యాక్సిల్ (చక్రం ఇరుసు) కొలత, బ్రేకు బిగించే పద్ధతి మారవు. కొత్తగా కొనేవాళ్లు తరచు దీన్ని తలకిందులు చేసి, గేర్ సెట్ పేరు చూసి బేరం కుదుర్చుకుంటారు. ఆ మూడు మారని సంగతులూ ప్రకటన ఫొటోల్లోనే తేల్చుకుని, నచ్చితేనే చూడటానికి బయల్దేరండి.

కొనడానికి మంచి అదను సీజన్ ముగియగానే. ఉత్తరార్ధగోళంలో రేసులు సెప్టెంబరులో మొదలై ఫిబ్రవరిలో ముగుస్తాయి. ఆ వెంటనే రేసర్లు పాతవి అమ్మకానికి పెడతారు. సీరియస్‌గా ఆడేవాళ్లకు ఒకేలాంటి సైకిళ్లు రెండు ఉంటాయి, ఒకటి నడపడానికి, ఇంకోటి పిట్‌లో, అంటే రేసు మధ్యలో సైకిల్ మార్చుకునే చోట, సిద్ధంగా ఉంచడానికి. పొడి వాతావరణంలో పిట్ సైకిల్ పెద్దగా అరగదు. బురద రేసుల్లో మాత్రం ప్రతి అర ల్యాపుకూ మార్చుకుంటారు గనుక రెండూ ఒకేలా నలుగుతాయి. అమ్మేవాళ్లను ఇది సూటిగా అడగొచ్చు.

ఫొటోల్లోనే తేలే విషయాలు

సైక్లోక్రాస్‌లో డిస్క్ బ్రేకులకు (చక్రం మధ్యలోని రోటర్ అనే లోహపు పళ్లేన్ని నొక్కేవి) అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ 2010లో అనుమతి ఇచ్చింది. అంతకుముందు వచ్చినవన్నీ దాదాపు క్యాంటిలీవర్ బ్రేకులవే, అంటే కేబుల్ లాగితే రెండు చేతులు రిమ్‌ను నొక్కేవి. ఆ తర్వాత కొన్నేళ్లు తయారీదారులు తలా ఒక దారి పట్టారు. క్విక్ రిలీజ్ (లివరు తిప్పి విప్పే సన్న ఇరుసు)తో వెనక 135 మి.మీ. డిస్క్ హబ్, ముందు 15×100 త్రూ యాక్సిల్ (ఫ్రేములోంచి దూర్చి మరతో బిగించే లావు ఇరుసు, కొలత మందం×వెడల్పు మి.మీ.లలో) లాంటివి ఆ కాలానివే. చివరికి ముందు 12×100, వెనక 12×142, ఫ్రేముకు నేరుగా అతుక్కునే ఫ్లాట్ మౌంట్ కాలిపర్ (ప్యాడ్లుండే బ్రేకు భాగం) దగ్గర స్థిరపడ్డారు. ఇవి ఉన్నదాన్నే ముందు వెతకండి. మధ్యకాలపు కొలతలున్న సైకిల్ నడవడానికి బాగానే నడుస్తుంది గానీ, రెండో చక్రాల జత కావాలన్నప్పుడు తిప్పలు మొదలవుతాయి. క్విక్ రిలీజ్ డిస్కులో ఇంకో చికాకు, చక్రం తీసి పెట్టిన ప్రతిసారీ రోటర్ కాస్త పక్కకు కూర్చుని ప్యాడ్‌కు రాసుకుంటుంది. ధర బాగా తగ్గితేనే ఒప్పుకోండి.

క్యాంటిలీవర్ సైకిల్ చవగ్గా దొరుకుతుంది, తేలిక, బురద పట్టదు. మొదటి సీజన్‌కు పనికొస్తుంది. తడిలో ఆగడానికి సమయం తీసుకుంటుంది, ముందు ఫోర్క్ గడగడ వణకడం దీనికి పేరుమోసిన జబ్బు. బ్రేకు కేబుల్‌ను ఆపిపట్టే హ్యాంగర్‌ను హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) దగ్గర్నుంచి తీసి ఫోర్క్ క్రౌన్‌కు (ఫోర్క్ కాళ్లు కలిసే చోటుకు) బిగిస్తే చాలావరకు తగ్గుతుంది. తర్వాత డిస్కుకు మార్చుకుందామనుకుంటే కుదరదు, ఫ్రేముకు ఆ మౌంట్లే ఉండవు.

సైజు దగ్గర సీట్ ట్యూబ్ మీద రాసిన అంకెను నమ్మకండి. మీ రోడ్డు సైకిల్ రీచ్, స్టాక్ (క్రాంక్ నుంచి హెడ్ ట్యూబ్ పైకొనకు ఉన్న పొడవు, ఎత్తు) కొలతలు తీసుకుని దీనితో పోల్చండి. స్టెమ్ (హ్యాండిల్‌ను పట్టి ఉంచే ముక్క) మార్చి ఒకటి రెండు సెంటీమీటర్లు సర్దుకోవచ్చు, అంతకు మించితే వదిలేయండి. రెండు సైజుల మధ్య ఊగిసలాడుతుంటే చిన్నదే తీసుకోండి.

గ్రావెల్ (కంకర దారి) సైకిల్‌ను సైక్లోక్రాస్ పేరుతో అమ్మేవాళ్లూ ఉంటారు. క్రాంక్ కాస్త కిందికి ఉంటుంది, ఫ్రేము పొడుగు. మొదటి ఏడాదికి అదీ నడుస్తుంది. యూసీఐ రేసుల్లో టైరు వెడల్పు 33 మి.మీ. మించకూడదు. స్థానిక రేసుల్లో సాధారణంగా సడలింపు ఉంటుంది, నిర్వాహకులను ముందే అడగండి.

చేతిలోకి తీసుకున్నాక

మీతో తీసుకెళ్లాల్సినవి: 4, 5, 6 మి.మీ. అలెన్ కీలు, టార్చి, మెత్తటి గుడ్డ, స్టీలు స్కేలు, మీ పెడల్స్, బూట్లు. మొదట చక్రాలు రెండూ విప్పమనండి. విప్పనివ్వకపోతే అక్కడితో బేరం ఆపేయండి.

చక్రం తీసిన చోట చైన్‌స్టేల (వెనక చక్రానికి రెండు పక్కలా ఉండే కింది గొట్టాల) లోపలి అంచులకు టార్చి వేయండి. టైరుకూ ఫ్రేముకూ మధ్య ఇరుక్కున్న బురద గరుకు కాగితంలా పెయింటును తినేస్తుంది. పెయింటు పోతే పర్వాలేదు. కార్బన్ పీచు బయటపడి, వేలు పెడితే గుచ్చుకుంటోందంటే వదిలేయండి. తర్వాత హెడ్ ట్యూబ్ చుట్టూ, డౌన్ ట్యూబ్ అడుగున, ఫోర్క్ కాళ్ల మొదట్లో గుడ్డతో తుడిచి చూడండి. గుడ్డ పీచు ఎక్కడైనా చిక్కుకుంటే అక్కడ సన్నటి పగులు ఉండొచ్చు. అనుమానం ఉన్న చోట నాణెంతో తట్టి, అవతలి వైపు అదే చోట తట్టండి. ఒకవైపు టక్కుమని, ఇంకోవైపు బోలుగా మోగితే ఆలోచించాల్సిందే. అల్యూమినియం అయితే వెల్డింగ్ పక్కన పెయింటు మీద గీతలాంటి చీలిక కోసం చూడాలి.

సీట్‌పోస్ట్ బోల్టు వదులు చేసి పైకీ కిందికీ కదిపి చూడండి. చాలామంది మర్చిపోయేది ఇదే. కార్బన్ పోస్ట్ అల్యూమినియం ఫ్రేములో నీళ్లు పట్టి బిగుసుకుపోతే ఒక్కోసారి కోసి తీయాల్సి వస్తుంది.

ముందు చక్రం బిగించి, గాల్లోకి లేపి, హ్యాండిల్‌ను నెమ్మదిగా అటూ ఇటూ తిప్పండి. సరిగ్గా మధ్యలో టక్కున ఆగినట్టుంటే కింది హెడ్‌సెట్ బేరింగ్ గుంటలు పడింది. చైను తప్పించి క్రాంక్ తిప్పితే గరగరలాడితే బాటమ్ బ్రాకెట్ (క్రాంక్ ఇరుసు బేరింగులు) పోయింది. రెండూ మార్చుకోదగ్గవే, ధరలో తగ్గించమనండి. బాటమ్ బ్రాకెట్ మరల రకమైతే ఇంట్లోనే మార్చుకోవచ్చు. ప్రెస్‌ఫిట్ (నొక్కి దూర్చే రకం) అయితే పరికరాలు కావాలి, కిర్రుమనే రోగం కూడా దానికే ఎక్కువ.

చైను కొలవడానికి స్కేలు చాలు. ఒక పిన్ను మధ్య నుంచి 24 పిచ్‌లు (పక్కపక్క పిన్నుల మధ్య దూరం ఒక పిచ్) అవతలి పిన్ను మధ్య దాకా కొత్త చైనుకు 304.8 మి.మీ. ఉంటుంది. 306.3 దాటితే 11 గేర్ల చైను మార్చేయాలి. 307 దాటి నడిపి ఉంటే క్యాసెట్ కూడా అరిగి ఉంటుంది, కొత్త చైను వేస్తే జారిపోతుంది. ముందు ఒకే రింగ్ ఉన్న సైకిళ్లలో రింగు పళ్లు కొక్కేల్లా వంగాయేమో, వెనక డిరెయిలర్ (గేరు మార్చే పరికరం) క్లచ్ (చైనును ఊగనివ్వని బిగింపు) బిగువుగా ఉందో లేదో చూడండి. క్లచ్ వదులైతే గతుకుల్లో చైను ఊడిపోతుంది.

సైకిల్ వెనక నిలబడి డిరెయిలర్‌ను చూడండి. రెండు చిన్న చక్రాలూ క్యాసెట్ పళ్ల సూటిలో నిలువుగా ఉండాలి. లోపలికి వాలి ఉంటే డిరెయిలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ వంగింది, తక్కువ గేరులో డిరెయిలర్ స్పోకుల్లో పడే ప్రమాదం ఉంది. హ్యాంగర్ ఒక్కో ఫ్రేముకు ఒక్కో ఆకారం. కొన్నరోజే అదనంగా ఒకటి తెప్పించుకోండి.

డిస్కు మందం షిమానో రోటర్లకు కొత్తలో 1.8 మి.మీ., 1.5కు వస్తే మార్చాలి. హైడ్రాలిక్ లివరును పట్టి పది సెకన్లు నొక్కి ఉంచండి. మెల్లగా హ్యాండిల్ దాకా వచ్చేస్తే లీకు ఉంది. స్పాంజిలా మెత్తగా ఉంటే గాలి చేరింది, బ్లీడ్ చేయిస్తే, అంటే ఆ గాలి తీయిస్తే సరిపోతుంది. రిమ్ బ్రేకు చక్రమైతే రిమ్ పక్కను వేలితో తడమండి, లోపలికి గుంటగా ఉంటే చక్రం ఆయుష్షు అయిపోయినట్టే.

రెండు రీకాల్‌ల సంగతి తప్పక అడగాలి. 2013 డిసెంబరులో శ్రామ్ అప్పటి హైడ్రాలిక్ రోడ్ బ్రేకులను వెనక్కి పిలిచింది, గడ్డకట్టే చలిలో సీళ్లు ఒత్తిడి నిలపలేకపోయేవి. 2023 సెప్టెంబరులో షిమానో, 2012 జూన్ నుంచి 2019 జూన్ దాకా తయారైన 11 గేర్ల అల్టెగ్రా, డ్యూరా ఏస్ క్రాంకులను తనిఖీకి పిలిచింది, అతికించిన భాగాలు విడిపోతున్నాయని. క్రాంక్ చేయి లోపలివైపు రెండక్షరాల తయారీ కోడ్ ఉంటుంది, ఫొటో తీసి సరిచూడండి.

చక్రాల దగ్గర అసలు ప్రశ్న ట్యూబులరా, ట్యూబ్‌లెస్సా అన్నది. జిగురుతో అతికించే ట్యూబులర్ టైర్లు పెద్ద రేసర్లకు ప్రాణం. కొత్తవాళ్లకు మాత్రం తలనొప్పి, టైరు మార్చాలంటే పూతలు వేసి ఆరబెట్టే రెండు మూడు రోజుల పని. అవి వస్తే, బొటనవేళ్లతో టైరును పక్కకు గట్టిగా నెట్టండి. అంచు లేస్తే రేసులో మలుపు దగ్గర ఊడొస్తుంది. ట్యూబ్‌లెస్‌కు రిమ్ కూడా దానికే చేసినదై ఉండాలి, మామూలు రిమ్‌లో తక్కువ గాలికి టైరు అంచు నుంచి గాలి బయటికి తన్నుకుపోతుంది.

నడిపి చూసేటప్పుడు

చదును రోడ్డు మీద నడిపితే ఏమీ తెలియదు. గడ్డి మీదికి తీసుకెళ్లి, నిలబడి తొక్కుతూ గేర్లు మార్చండి, జారితే వెంటనే తెలుస్తుంది. తర్వాత ఎడమవైపుకు దిగి, భుజాన వేసుకుని పదడుగులు పరిగెత్తి, మళ్లీ ఎక్కండి. దిగేటప్పుడు కుడిచేయి ఫ్రేము మీదికి పోతుంది, బ్రేకు పట్టేది ఎడమచేయి ఒక్కటే. ఆ లివరుకు ముందు బ్రేకు తగిలించి ఉంటే గట్టిగా పడితే వెనక చక్రం లేస్తుంది. దేశాన్ని బట్టి ఈ అమరిక మారుతుంది, మీకు అలవాటైన దానికి కేబుళ్లు మార్చుకోవచ్చు.

బేరం ఆడేముందు చైను, క్యాసెట్, ప్యాడ్లు, కేబుళ్లు, టైర్లు, బేరింగుల ఖర్చు కాగితం మీద వేయండి. అది అడిగిన ధరలో నాలుగో వంతు దాటితే తగ్గించమనండి, తగ్గించకపోతే ఇంకోటి చూసుకోండి. బాటమ్ బ్రాకెట్ అడుగున ఉండే సీరియల్ నంబరును రసీదుతో పోల్చకుండా డబ్బు చేతిలో పెట్టకండి. నంబరు గీకేసి ఉంటే అది దొంగ సరుకే అనుకోండి.

ఇంటికి తెచ్చాక కొత్త ప్యాడ్లు వేస్తే ఇరవై సార్లు గట్టిగా వేగం తగ్గించి కుదిరేలా చేయండి. టైర్లలో గాలి 70 కిలోల మనిషికి 33 మి.మీ. ట్యూబ్‌లెస్‌లో 26–28 పీఎస్ఐతో మొదలుపెట్టి, రిమ్ నేలకు తగలనంత వరకూ ఒక్కొక్కటిగా దించుతూ రండి. ట్యూబు ఉంటే 35 కన్నా దించకండి, రాయి తగిలితే ట్యూబు రెండుచోట్ల చిల్లు పడుతుంది.