పోడు ఆగాలంటే ముందు గరువు చూడాలి: ఏజెన్సీ గ్రామానికి భూ వినియోగ ప్రణాళిక వేసే పద్ధతి

ఏజెన్సీ గ్రామానికి భూ వినియోగ ప్రణాళిక అనగానే చాలామంది మొదట అడవి హద్దు గీస్తారు. అది ఆఖరున గీయాల్సిన గీత. ఏ ఇంటికి ఏ భూమి చెక్క (ముక్క) నుంచి ఎన్ని నెలల తిండి వస్తోంది, చేతికి డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది అన్నది ముందు తేలాలి. అది తేలకుండా గీసిన అడవి హద్దు రెండో వానాకాలానికి మిగలదు.

పని మొదలుపెట్టడానికి మంచి సమయం నవంబరు. కొత్త పోడు, అంటే కొండవాలు అడవిని కొట్టి చేసే సాగు కోసం నరకడం సాధారణంగా సంక్రాంతి తర్వాతే మొదలవుతుంది. అప్పటికి గ్రామసభ తీర్మానం అయిపోవాలి. మార్చిలో సభ పెడితే అప్పటికే కొట్టి ఎండబెట్టిన కొండ గురించి వాదించుకోవడమే మిగులుతుంది.

ముందు కాగితాలు

2006 అటవీ హక్కుల చట్టం కింద రెండు రకాల హక్కులను విడివిడిగా చూడండి. మొదటిది వ్యక్తిగత హక్కు. గిరిజన కుటుంబం 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగు చేస్తున్న భూమికి ఇది వర్తిస్తుంది, గరిష్ఠంగా 4 హెక్టార్లు, అంటే దాదాపు 10 ఎకరాలు. రెండోది సామూహిక అటవీ వనరుల హక్కు, దీనికి దరఖాస్తు ఫారం-సి. చాలా ఊళ్లు మొదటిదానితో ఆగిపోతాయి. తెలంగాణలో 2023లో సుమారు 4 లక్షల ఎకరాలకు పోడు పట్టాలిచ్చారు. ఆ పట్టా రైతు చెక్కను కాపాడుతుంది కానీ దాని పైనున్న వాలు సంగతి చెప్పదు. పై వాలును కాపాడే, వాడుకునే అధికారం గ్రామసభకు వచ్చేది సామూహిక హక్కుతోనే. గొడ్డలితో వచ్చిన పక్క ఊరివాణ్ణి ఆపాలన్నా ఆ కాగితమే చూపించాలి.

సభకు సభ్యుల్లో కనీసం సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి. ఈ కోరం లేని తీర్మానాన్ని పై కమిటీలో తేలిగ్గా కొట్టేస్తారు. వారపు సంత రోజున మాత్రం సభ పెట్టొద్దు.

భూమిని నడిచి రాయడం

ఊరివాళ్ల మాటల్లోనే రకాలు విడదీయండి: వరి పండే పల్లం, ఊరి చుట్టూ ఉండే చదును మెట్ట భూమి అయిన గరువు, కొండ పోడు, వదిలేసిన పాత పోడు, అడవి, గెడ్డ (కొండవాగు). ఒక్కో ఇంటికి ఒక్కో కాగితం పెట్టి, ఏ నెలల్లో గింజలు అయిపోతాయో రాయండి. ఆషాఢ శ్రావణాల్లో కొని తినే ఇళ్లను గుర్తు పెట్టుకోండి, రాబోయే రెండేళ్లలో కొత్త పోడు కొట్టే అవకాశం ఎక్కువగా ఉన్నది వాళ్లకే.

కొలతల్లో తగాదా తప్పకుండా వస్తుంది. కారణం తెలిస్తే సర్దిచెప్పడం తేలిక. టేపు వాలు మీద పరుచుకుంటుంది, జీపీఎస్ మాత్రం భూమిని పైనుంచి చూసినట్టు సమతలంగా లెక్కేస్తుంది. 30 డిగ్రీల వాలులో టేపుతో కొలిచిన ఎకరం మ్యాపులో 87 సెంట్లే. రైతు అబద్ధమాడటం లేదు, యంత్రమూ తప్పు చెప్పడం లేదు. ఏ కొలతను లెక్కలోకి తీసుకుంటారో మొదటి రోజే సభలో చెప్పేయండి. ఇక ఫోను జీపీఎస్ బయలులోనే ఐదు మీటర్ల దాకా తప్పుతుంది, చెట్ల కింద, లోయల్లో ఇంకా ఎక్కువ. అందుకే మూలల్లో రాయి పాతి, ఇరువైపుల రైతుల ఎదుటే గుర్తు వేయాలి.

ఉపగ్రహ చిత్రాలు ఇస్రో వెబ్‌సైటు భువన్‌లో దొరుకుతాయి. యూరప్ ఉపగ్రహం సెంటినెల్-2 చిత్రాలు ఉచితం, పది మీటర్ల వివరం కనిపిస్తుంది. మన అడవులు చాలావరకు ఆకురాల్చేవి కాబట్టి మార్చి చిత్రాన్ని నవంబరు చిత్రంతో పోలిస్తే కొండంతా నరికేసినట్టు కనిపిస్తుంది. నవంబరును నవంబరుతోనే పోల్చండి. ఇంకో చిక్కు: భారత అటవీ సర్వే లెక్కలో హెక్టారు దాటి, పది శాతం మించి చెట్ల నీడ ఉంటే జీడితోటైనా అటవీ విస్తీర్ణమే. పచ్చగా కనిపించినంత మాత్రాన అడవి మిగిలిందనుకోవద్దు, నడిచి చూడాలి.

గీతలు

వాలు కొలవడానికి మూడు మీటర్ల తాడు చాలు. ఒక కొస నేలకు ఆనించి తాడును దిగువ వైపు సమంగా లాగి పట్టండి. రెండో కొస నుంచి నేల ఎంత కిందికి ఉందో కర్రతో కొలవండి. మీటరు దాటితే అక్కడ దున్నే పంట వద్దు, చెట్టు పంటే. అర మీటరు నుంచి మీటరు దాకా ఉంటే రాతి కట్టలు వేసి చిరుధాన్యాలు. అంతకు తక్కువైతే గరువు కిందే లెక్క. ఇది చట్టం కాదు, పనికొచ్చే కొండగుర్తు. గెడ్డకు ఇరువైపులా ముప్పై మీటర్లు వదలండి. బ్రెజిల్ అటవీ చట్టంలో పది మీటర్లలోపు వెడల్పున్న వాగులకు మామూలు నియమం ఇదే. మన లోయలు ఇరుకు, అంత వదిలితే పల్లం మడులే పోతాయంటే పదిహేనుకు ఒప్పుకోండి. కానీ ఊట పుట్టే చోట మాత్రం తగ్గించొద్దు.

ఆదాయం, మధ్యలో ఖాళీ ఏళ్లు

ప్రణాళికలు ఎక్కువగా విరిగేది ఇక్కడే. అరకు, పాడేరు వైపు తొమ్మిది వందల మీటర్ల ఎత్తు దాటిన చోట పాత పోడులో కాఫీ వేయొచ్చు. దిగువన జీడి నయం. రెండూ చేతికి రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. ఆ మూడేళ్లు తిండి ఎక్కడిది అన్న గడి ఖాళీగా ఉంటే ఆ కుటుంబం కొత్త కొండ ఎక్కక తప్పదు. జీడిని ఎనిమిది మీటర్ల ఎడంలో నాటితే ఎకరాకు అరవై పైచిలుకు మొక్కలు, మధ్యలో మొదటి మూడేళ్లు రాగి, కంది పండించే చోటు బోలెడు. కాఫీ వేసే ఇంటికి గరువులో పసుపు, నారు పోసి వరుసల్లో నాటే రాగి చూపించాలి. మొదటి ఏడు ఖర్చంతా గరువు మీదే పెట్టండి: ఎరువు, కట్టలు, వాన నీటి గుంత. మొక్కల పంపిణీ కంటే ఇదే అడవికి ఎక్కువ మేలు చేస్తుంది.

కాఫీ లాభాలే అడవికి ఎసరు పెట్టకుండా తీర్మానంలో ఒక మాట చేర్చండి: కాఫీ పాత పోడులోనే, సహజ అడవిని పలచన చేసి కాదు. నీడకు ఒక్క సిల్వర్ ఓక్ మీదే ఆధారపడొద్దు, పనస లాంటివి కలపండి. నీడ తగ్గి కాండానికి ఎండ తగిలితే తెల్ల కాండం తొలుచు పురుగు చేరుతుంది.

అటవీ ఫలసాయానికి కూడా నియమం రాయాలి. కొండచీపురును కోయాలి, పీకకూడదు. పీకితే దుబ్బే పోతుంది.

రోడ్డు, అప్పు

రోడ్డు మంచిదే, చింతపండుకు ధర పలికేది దానివల్లే. కానీ అమెజాన్‌లో అడవి నరికివేత చాలావరకు రోడ్ల పక్కనే జరిగింది. అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) కింద రోడ్డు, బడి, అంగన్‌వాడీ వంటి 13 రకాల సౌకర్యాలకు గ్రామసభ సిఫారసుతో అటవీ భూమి ఇవ్వొచ్చు. ఒక్కోదానికి హెక్టారులోపు, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు. రోడ్డుకు సిఫారసు చేసే సభలోనే దానికి ఇరువైపులా ఏ భూమి ఎవరిదో, ఎక్కడ కొత్త సాగు ఉండదో తీర్మానించండి. తారు పడ్డాక ఎవరూ వినరు.

బ్రెజిల్ అమెజాన్‌లో 2004లో 27,772 చదరపు కిలోమీటర్ల అడవి పోగా, 2012లో అది 4,571కి తగ్గింది. సోయా సాగు, పశువుల పెంపకం ఆగకుండానే ఇది జరిగింది. దానికి మ్యాపులొక్కటే కారణం కాదు. ఉపగ్రహ నిఘా, జరిమానాలు, వాటితో పాటు 2008 నుంచి భూమి, పర్యావరణ పత్రాలు సరిగా లేనివాళ్లకు వ్యవసాయ రుణం ఆపడం కలిసి పనిచేశాయి. పట్టు సడలాక 2021లో నరికివేత మళ్లీ 13 వేలు దాటింది. మన గ్రామసభ చేతిలో బ్యాంకు ఉండదు. కానీ మొక్కలు, పల్పర్లు (కాఫీ పండ్ల తొక్క తీసే యంత్రాలు), సబ్సిడీ జాబితాలు ఉంటాయి. కొత్త పోడు కొట్టిన ఇంటికి ఆ ఏడు జాబితాలో చోటు ఉండదని ముందే రాసి, అందరి సంతకాలు తీసుకోండి. ఆకలి నెలలున్న ఇళ్లను మాత్రం జాబితాలో ముందు పెట్టాలి, లేకపోతే ఈ నియమం బీదవాణ్ణే కొడుతుంది.

ఏటా నవంబరులో పాత చిత్రం, కొత్త చిత్రం పక్కపక్కన పెట్టి సభలో చూపించండి. పక్క ఊరి కొండ కూడా అందులో ఉండాలి. మన వైపు నరకడం ఆగి, అటువైపు మన బంధువులే కొడుతుంటే అడవికి ఒరిగిందేమీ లేదు. అప్పుడు రెండు గ్రామసభలూ కలిసి కూర్చుని ఉమ్మడి హద్దు రాళ్ల దగ్గరే మాట్లాడుకోవాలి.