లిబియా విషయంలో మిత్రదేశాలకు ఎందుకు పడదు: లక్షణం, కారణం, పరిష్కారం

ఫ్రాన్స్, ఇటలీ రెండూ నాటో సభ్యదేశాలే. యూరోపియన్ యూనియన్‌కు పునాది వేసిన ఆరు దేశాల్లోనూ రెండూ ఉన్నాయి. లిబియాలో ఒకే ప్రభుత్వం, ఒకే సైన్యం, ఎన్నికలు రావాలని రెండూ ఒకే మాట చెబుతూ వచ్చాయి. అయినా 2011లో గడాఫీ పాలన కూలిన తర్వాత దాదాపు పదేళ్లు ఆ దేశం విషయంలో ఈ రెండింటికీ పడలేదు. ఆ పేచీ ఖరీదు కట్టింది మాత్రం లిబియా రాజధాని ట్రిపోలీ దక్షిణ శివార్లలో ఇళ్లు వదిలి పారిపోయిన కుటుంబాలు.

ఇలాంటి గొడవ వార్తల్లోకి వచ్చినప్పుడు మనం నాయకుల అహం మీదికో, ఎవరో నోరు జారడం మీదికో తోసేసి ఊరుకుంటాం. నాయకులు మారినా గొడవ మారలేదంటే కారణం ఇంకా లోతున ఉన్నట్టు. ఎక్కడ వెతకాలో, ఏది పనిచేసిందో, ఏది చేయలేదో లిబియా అనుభవంలోంచి ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు పటం చూడండి

ఏ లక్షణాన్నయినా పరిశీలించే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఏ దేశానికి ఆ నేలలో ఏ మూల అవసరం?

ఇటలీ అవసరం పడమట ఉంది. ఇటలీ చమురు సంస్థ ఎనీ 1959 నుంచి లిబియాలో పనిచేస్తోంది. పశ్చిమ తీరంలోని మెల్లితా నుంచి సముద్రం అడుగున 520 కిలోమీటర్లు వెళ్లి సిసిలీలోని జేలా దగ్గర తేలే గ్యాస్ పైపులైన్ 2004లో మొదలైంది. వలసదారుల పడవలు బయల్దేరే జావియా, సబ్రాతా కూడా ఆ తీరంలోనే ఉన్నాయి. 2016 ఒక్క ఏడాదిలోనే సుమారు 1,81,000 మంది సముద్రం దాటి ఇటలీ చేరారు, అందులో ఎక్కువమంది లిబియా నుంచే. కాబట్టి రోమ్‌కు ట్రిపోలీలో కూర్చున్నవాళ్లతో పని.

ఫ్రాన్స్ చూపు దక్షిణం మీద, తూర్పు మీద. లిబియా దక్షిణ సరిహద్దు నైజర్, చాద్‌లతో కలుస్తుంది. ఆ ప్రాంతంలో ఫ్రెంచ్ సైన్యం 2014లో ఉగ్రవాదుల మీద బార్ఖాన్ ఆపరేషన్ మొదలుపెట్టింది. 2015 నవంబర్‌లో పారిస్ దాడుల తర్వాత ఉగ్రవాదమే వాళ్లకు మొదటి భయం అయింది. తూర్పు నగరం బెంఘాజీలో ఇస్లామిస్టులతో పోరాడుతున్న సైన్యాధిపతి ఖలీఫా హఫ్తార్ వాళ్లకు పనికొచ్చే మనిషిలా కనిపించాడు. హఫ్తార్‌ను మోస్తున్న ఈజిప్టు, 2015లోనే ఫ్రాన్స్ నుంచి 24 రఫేల్ విమానాలు కొన్న దేశం.

ఇదంతా చమురు కోసమే అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. చమురుకూ వాటా ఉంది కానీ, ఫ్రాన్స్ వేసిన అడుగులు చమురు క్షేత్రాల వెంట కంటే సహారా సరిహద్దుల వెంటే ఎక్కువ కనిపిస్తాయి.

లక్షణం: ఒకే సమస్య మీద పోటాపోటీ సమావేశాలు

2017 జులై 25న అధ్యక్షుడు మాక్రోన్ పారిస్ దగ్గరి లా సెల్ సాన్ క్లూలో ట్రిపోలీ ప్రభుత్వాధినేత ఫయేజ్ సర్రాజ్‌నీ, హఫ్తార్‌నీ కలిపి చేతులు కలిపించాడు. తనను పక్కనపెట్టారని రోమ్‌కు మండింది. 2018 మే 29న పారిస్‌లో ఇంకో సమావేశం. ఈసారి నలుగురు లిబియా నాయకులొచ్చారు. డిసెంబర్ 10న ఎన్నికలని ప్రకటించారు గానీ, ఆ కాగితం మీద నలుగురిలో ఒక్కరూ సంతకం పెట్టలేదు. ఇంత తొందరెందుకని ఇటలీ అడ్డం తిరిగింది. నవంబర్‌లో తానే పలెర్మోలో సమావేశం పెట్టింది. హఫ్తార్ వస్తాడో రాడో చివరిదాకా టెన్షన్. 12వ తేదీ రాత్రి దిగాడు, విందుకు కూర్చోలేదు. మర్నాడు ఉదయం ప్రధాని కోంతే మధ్యలో నిలబడగా సర్రాజ్‌తో చేయి కలిపి ఫొటో దిగి, పూర్తి సమావేశం కాకముందే విమానమెక్కాడు. తమను ఒక భేటీకి పిలవలేదని టర్కీ బృందం లేచిపోయింది. మాక్రోన్ అసలు రాలేదు, విదేశాంగ మంత్రి లెద్రియాన్‌ను పంపాడు.

కారణం ఇద్దరు ఆతిథేయుల గొప్పలు మాత్రమే కాదు. రెండు బల్లలున్నాయని తెలిసినప్పుడు లిబియా నాయకులు ఏ బల్ల దగ్గరా రాజీపడాల్సిన అవసరం ఉండదు. ఇక్కడ గిట్టకపోతే అక్కడికి పోవచ్చు. పలెర్మోలో హఫ్తార్ చేసింది అదే. తాను రావడమే పెద్ద కానుక అన్నట్టు ప్రవర్తించాడు, అది చెల్లింది కూడా.

పరిష్కారం: ఆ నేలలో ఎవరినీ భుజాన మోయని మూడో దేశం ఆతిథ్యం ఇవ్వాలి, పెద్దరికం ఐక్యరాజ్యసమితికి వదలాలి. 2020 జనవరి 19న బెర్లిన్‌లో జరిగింది ఇదే. 2011 మార్చి 17న లిబియాలో సైనిక జోక్యానికి అనుమతిచ్చిన భద్రతా మండలి తీర్మానం (సంఖ్య 1973) మీద జర్మనీ తటస్థంగా ఉండిపోయింది. అప్పుడు మండలిలో సభ్యురాలైన మన దేశం కూడా అలాగే ఓటేయకుండా ఉంది. తొమ్మిదేళ్ల తర్వాత ఆ తటస్థతే జర్మనీకి అక్కరకొచ్చింది. బెర్లిన్‌లో ముందు కూర్చోబెట్టింది లిబియా నాయకులను కాదు, వాళ్లకు ఆయుధాలూ డబ్బూ ఇస్తున్న దేశాలను. సర్రాజ్, హఫ్తార్ ఇద్దరూ నగరంలో ఉన్నారు గానీ ఒకే గదిలో కూర్చోలేదు. వచ్చిన 55 అంశాల పత్రాన్ని ఫిబ్రవరిలో భద్రతా మండలి ఆమోదించింది. నా దృష్టిలో మొత్తం కథలో సరిగ్గా వేసిన అడుగు ఇదొక్కటే.

లక్షణం: గుర్తింపు ఒకరికి, సాయం ఇంకొకరికి

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇది. పైకి కనిపించదు, ఏదో ప్రమాదం జరిగితేనే బయటపడుతుంది.

2015 డిసెంబర్‌లో మొరాకోలోని స్ఖిరాత్‌లో కుదిరిన ఒప్పందంతో సర్రాజ్ ప్రభుత్వం ఏర్పడింది. యూరప్ అంతా దాన్నే గుర్తించింది, ఫ్రాన్స్ కూడా. 2016 జులైలో బెంఘాజీ దగ్గర ఒక హెలికాప్టర్ కూలి ముగ్గురు ఫ్రెంచ్ సైనికులు చనిపోయారు. అప్పుడు గానీ హఫ్తార్ ప్రాంతంలో ఫ్రెంచ్ బలగాలున్న సంగతిని పారిస్ ఒప్పుకోలేదు. ఇది మా సార్వభౌమత్వాన్ని కాలరాయడమేనని ట్రిపోలీ మండిపడింది. అదే ఏడాది ఇటలీ మిస్రాతాలో సైనిక ఆసుపత్రి పెట్టింది. మిస్రాతా దళాలు హఫ్తార్‌కు బద్ధవిరోధులు. ఒక మిత్రదేశం తూర్పున, ఇంకో మిత్రదేశం పడమట.

2019 ఏప్రిల్ 4న ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి గుటెరస్ లిబియాలో ఉండగానే హఫ్తార్ ట్రిపోలీ మీదికి దండెత్తాడు. పది రోజుల్లో ఘదామెస్‌లో జాతీయ సమావేశం జరగాల్సింది, అది గంగలో కలిసింది. హఫ్తార్ పేరెత్తి దాడి ఆపమనే ప్రకటన యూరోపియన్ యూనియన్ సిద్ధం చేస్తే ఫ్రాన్స్ అడ్డుపుల్ల వేసింది. ట్రిపోలీ వైపు పోరాడేవాళ్లలో ఉగ్రవాదులూ ఉన్నారన్న సంగతి చేర్చాలంది. ఇలాంటి ప్రకటనకు సభ్యదేశాలన్నీ ఒప్పుకోవాలి, ఒక్కరు కాదన్నా ఆగిపోతుంది. ఆ నెలలోనే ట్రిపోలీ హోం శాఖ ఫ్రాన్స్‌తో భద్రతా సహకారం ఆపేసింది. ఫ్రాన్స్‌లో నిరసనకారులు వేసుకునే పసుపు జాకెట్లే వేసుకుని ట్రిపోలీ వీధుల్లో జనం ఫ్రాన్స్ మీద నిరసన తెలిపారు. ఆ జూన్‌లో ఘర్యాన్ పట్టణాన్ని హఫ్తార్ దళాల నుంచి తిరిగి పట్టుకున్నప్పుడు అక్కడ జావెలిన్ క్షిపణులు దొరికాయి. అవి తమవేనని, పాడైపోయినవని, తమ బలగాల రక్షణ కోసం తెచ్చినవని ఫ్రాన్స్ జులైలో ఒప్పుకుంది.

కారణం: విదేశాంగ శాఖ ఒక విధానం నడుపుతుంటే, రక్షణ, గూఢచారి శాఖలు ఇంకోటి నడుపుతాయి. మొదటిది కాగితం మీద మిత్రులతో కలిసి ఉంటుంది. రెండోది ఎవరికీ చెప్పదు.

పరిష్కారం కష్టమైనదే, అయినా దీనికి దగ్గరి దారి లేదు. ఒక ప్రభుత్వాన్ని గుర్తించిన దేశాలు తమ సైనిక సాయం ఎవరికి, ఎక్కడ, ఎంత అన్నది మిత్రదేశాల ముందైనా బయటపెట్టాలి. ప్రకటనల్లో 'ఇరుపక్షాలూ సంయమనం పాటించాలి' అనే వాక్యం కనబడితే ఆ పని జరగలేదని అర్థం చేసుకోండి. దాడి చేసినవాడినీ దాడికి గురైనవాడినీ ఒకే గాటన కట్టే ఆ వాక్యం దాడి చేసినవాడికే కలిసొస్తుంది.

ఈ రెండు ముక్కల దేశం మనవాళ్లనూ తాకింది. తూర్పున ఒకటి, పడమట ఒకటిగా రెండు ప్రభుత్వాలు కొట్లాడుకుంటుంటే మధ్యలో సిర్తే నగరం ఇస్లామిక్ స్టేట్ చేతిలోకి పోయింది. 2015 జులైలో అక్కడి యూనివర్సిటీలో పాఠాలు చెప్పే ఇద్దరు తెలుగువాళ్లు అపహరణకు గురై, ఏడాది దాటాక 2016 సెప్టెంబర్‌లో బయటపడ్డారు.

లక్షణం: గొడవ లిబియాది, పేలేది ఇంకెక్కడో

2011 ఏప్రిల్‌లో ఇటలీ ట్యునీషియా వలసదారులకు తాత్కాలిక పర్మిట్లు ఇస్తే, వెంటిమిలియా దగ్గర ఫ్రాన్స్ రైళ్లు ఆపేసింది. 2017లో మాక్రోన్ సర్రాజ్, హఫ్తార్‌లను కలిపిన రెండు రోజులకే, ఇటలీ కంపెనీ చేతికి పోకుండా సాన్ నజేర్ షిప్‌యార్డును ఫ్రాన్స్ జాతీయం చేసింది. 2018 జూన్‌లో వలసదారులను సముద్రంలో కాపాడిన అక్వేరియస్ ఓడను ఇటలీ రేవుకు రానివ్వకపోతే మాక్రోన్ కటువుగా విమర్శించాడు, రోమ్ ఫ్రెంచ్ దౌత్య ప్రతినిధిని పిలిచి నిలదీసింది. చివరికి 2019 ఫిబ్రవరిలో ఇటలీ ఉపప్రధాని డి మాయో పసుపు జాకెట్ల నాయకులను కలవడంతో ఫ్రాన్స్ తన రాయబారిని వెనక్కి పిలిచింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ రెండు దేశాల మధ్య అలాంటిది అదే మొదటిసారి.

కారణం: లిబియాలో పరిష్కారం కాని మంట ఓటర్లకు అర్థమయ్యే విషయాల్లోకి, వలసల్లోకి, ఉద్యోగాల్లోకి పాకుతుంది. దీనికి మందు రెండు రాజధానుల మధ్య రోజువారీ సంప్రదింపులే. 2021 మార్చిలో ఫ్రాన్స్, జర్మనీ, ఇటలీ విదేశాంగ మంత్రులు ముగ్గురూ కలిసి ట్రిపోలీ వెళ్లారు. నవంబర్ 26న ఫ్రాన్స్, ఇటలీ పరస్పర సహకారానికి క్విరినాలే ఒప్పందం మీద సంతకాలు చేశాయి. సూటిపోటి మాటలు తగ్గాయి.

లక్షణం: ఓడలు లేని నౌకాదళ కార్యక్రమం

2019 మార్చిలో, లిబియా తీరం దగ్గర యూరోపియన్ యూనియన్ నడుపుతున్న నౌకాదళ కార్యక్రమం సోఫియా ఆపరేషన్‌ను పొడిగించారు గానీ ఓడలు తీసేశారు. సముద్రంలో కాపాడినవాళ్లను ఎవరి రేవులో దించాలన్నది తేలలేదు, అందుకు. లిబియాకు ఆయుధాలు చేరకుండా ఐక్యరాజ్యసమితి పెట్టిన నిషేధాన్ని అమలు చేయడానికి 2020 మార్చి 31న వచ్చిన ఇరీని ఆపరేషన్‌లో ఓడలున్నాయి కానీ, వలసలు పెరిగితే వెనక్కి పిలవొచ్చని షరతు పెట్టుకున్నారు. మేలో మాల్టా తప్పుకుంది. సముద్రం మీద నిఘా పెడితే టర్కీ నుంచి ట్రిపోలీకి వచ్చే సరుకు దొరుకుతుంది. హఫ్తార్‌కు ఎక్కువగా వచ్చేది విమానాల్లో, ఈజిప్టు సరిహద్దు మీదుగా రోడ్డున. ఇది ఒకవైపు మొగ్గిన కాపలా అని ట్రిపోలీ అంటే కాదనడం కష్టం. దించే రేవుల లెక్కను ముందే పంచుకోవాలి, ఆయుధాల నిషేధం గాలిలోనూ నేల మీదా అమలు కావాలి. మొదటిదానికి డబ్బు చాలు. రెండోదానికి హఫ్తార్ వెనకున్న అబుదాబీ, కైరోలకు ఎదురు చెప్పే ధైర్యం కావాలి, యూరప్ ఇంతవరకు చూపనిది అదే.

లక్షణం: మిత్రులు కలిశారు, దేశం కలవలేదు

2021 డిసెంబర్ 24న ఎన్నికలు జరగాలని అందరూ ఒక్క గొంతుతో అన్నారు. జరగలేదు. ఎవరు పోటీ చేయొచ్చు, అధ్యక్షుడి అధికారాలేంటి అన్నదాని మీద లిబియాలో ఒప్పుకున్న చట్టమే లేదు. తేదీకి ముందు చట్టం రావాలి. తేదీ మీద మిత్రుల ఐక్యతతో చట్టం పుట్టదు.

ఇప్పుడు లోపం కొత్త రూపంలో ఉంది. యూరప్ రాజధానులు పేచీ మానేసి, హఫ్తార్ వర్గంతోనూ ట్రిపోలీతోనూ విడివిడిగా మాట్లాడుకుంటున్నాయి. 2025 జులైలో ఇటలీ, గ్రీస్, మాల్టా మంత్రులతో కలిసి యూరోపియన్ కమిషనర్ ట్రిపోలీ చూసుకుని బెంఘాజీలో దిగితే, ఎవరూ గుర్తించని తూర్పు ప్రభుత్వం మంత్రులను కలవాల్సిందేనని పట్టుబట్టి, చివరికి వాళ్లను విమానాశ్రయం నుంచే తిప్పి పంపింది. ఇలాంటి పర్యటనకు బయల్దేరే ముందే బెంఘాజీలో ఎవరిని కలుస్తారు, ఎవరితో ఫొటో దిగరు, షరతు పెడితే అందరూ కలిసి వెనుదిరుగుతారా అన్నది రాతపూర్వకంగా తేల్చుకోవాలి. ఆ కాగితం లేకుండా విమానం ఎక్కకూడదు.