బదిలీలతో, పదవీ విరమణలతో కళాశాలలో కొత్త ప్రయోగాలు ఆగిపోతున్నాయా?

లక్షణం: ఏటా అదే ప్రాజెక్టు, ఏటా మొదటి నుంచే.

భీమవరం వైపు రొయ్యల చెరువుల నీటిపై మా విద్యార్థులు ఏటా ప్రాజెక్టు చేసేవారు. నీటిలో కరిగిన ఆక్సిజన్ లెక్క ఒక్కోసారి ఒక్కోలా వచ్చేది.

కారణం: కరిగిన ఆక్సిజన్‌ను కొలిచే విన్‌క్లర్ పద్ధతిలో సీసాను బుడగ లేకుండా నింపి, మాంగనస్ సల్ఫేట్, క్షార అయొడైడ్ అనే రెండు ద్రావణాలను చెరువుగట్టు మీదే కలపాలి. మా పిల్లలు నీళ్లు తెచ్చి ప్రయోగశాలలో కలిపేవారు. నీటిలోని నాచు, సూక్ష్మజీవులు ఊరుకోవు కనుక దారిలోనే విలువ మారిపోయేది. అవి కలిపాక ఏర్పడే అవక్షేపం (మడ్డి) గోధుమరంగులో కాక తెల్లగా ఉంటే ఆక్సిజన్ లేనట్టేనని, తెల్లవారకముందే నీళ్లు పట్టాలని మా పాత ల్యాబ్ అటెండర్ చెప్పేవారు. ఆయన పదవీ విరమణతో అవన్నీ ఆయనతోనే వెళ్లిపోయాయి. మూడు బృందాల శ్రమ వృథా అయింది. తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

పరిష్కారం: విరమణకు ఆరు నెలల ముందే అలాంటివారి పక్కన ఒక జూనియర్‌ను, ఇద్దరు విద్యార్థులను ఉంచండి. ఆయనను రాయమని అడగకండి. ఆయన పని చేస్తుంటే వీళ్లు అడిగి రాసుకోవాలి. జ్ఞాన నిర్వహణలో, అంటే సంస్థలో ఒకరికి తెలిసింది అందరికీ అందించే విద్యలో, జపాన్ పండితులు నొనాకా, తకేవుచి 1995లో వివరించిన చక్రం ఇదే: కలిసి చేయడం, మాటల్లో పెట్టడం, ఉన్న సమాచారంతో జోడించడం, మళ్లీ చేసి ఒంటబట్టించుకోవడం. మన కళాశాలలు రెండో మెట్టు మీదే, ఫైలు తయారవగానే ఆగిపోతున్నాయి.

లక్షణం: బీరువా నిండా రికార్డులు, తెరిచేవారు లేరు.

కారణం: అవి కళాశాలల నాణ్యతను మదింపు చేసే న్యాక్ సంస్థ తనిఖీ కోసం రాసినవి. వాటిలో విజయాలే ఉంటాయి.

పరిష్కారం: చెడిపోయిన ప్రతి ప్రయత్నానికీ ఒక పేజీ రాయించండి: ఏం చేశాం, ఎక్కడ తప్పింది, ఎవరిని అడగాలి. మారుటేరు వరి పరిశోధన కేంద్రం 1982లో అందించిన స్వర్ణ వరి వశిష్ఠ, మసూరి రకాల సంకరం. ఏ రకాన్ని దేనితో కలిపితే ఏమైందో రాసి పెట్టుకోకుండా అలాంటి వంగడం పుట్టదు. ఆ శ్రద్ధ మన తరగతి గదులకూ రావాలి.

లక్షణం: ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొన్నారు, అందులో ఏమీ చేరలేదు.

కారణం: తెలిసింది చెప్పేస్తే తన అవసరం తీరిపోతుందన్న భయం.

పరిష్కారం: రాసినవారి పేరు పేజీ మీద ఉండాలి. రాసేవారికి వారానికి ఒక పీరియడు తగ్గించండి. ముందు ఒక నోటుపుస్తకంతో మొదలుపెట్టండి, సాఫ్ట్‌వేర్ సంగతి తరువాత.

వచ్చే ఏడాది కొత్త బృందం చెరువుకు బయలుదేరేటప్పుడు వారి సంచిలో చూడండి. సీసాలతో పాటు ఆ రెండు ద్రావణాలూ, పాత బృందం పేజీ ఉన్నాయా?