వేరే స్టేట్‌లో పెద్ద వస్తువు కొంటున్నారా? యూజ్ టాక్స్ లెక్క ముందే వేసుకోండి

అమెరికాలో ఉన్న మనవాళ్ళందరికీ సేల్స్ టాక్స్ తెలుసు, యూజ్ టాక్స్ అని ఇంకోటి ఉందని మాత్రం చాలామందికి తెలీదు. న్యూజెర్సీలో ఉండేవాళ్ళు డెలావేర్‌లో టాక్స్ లేదు కదా అని క్రిస్టియానా మాల్‌కి వెళ్ళి 4,000 డాలర్లకి టీవీ, ల్యాప్‌టాప్ కొనుక్కొచ్చి 265 డాలర్లు మిగిలాయి అనుకుంటారు. నిజానికి మిగల్లేదండి, అక్కడి షాపు వసూలు చెయ్యలేదంతే. వస్తువు తెచ్చి న్యూజెర్సీ ఇంట్లో వాడుతున్నారు కాబట్టి అదే 6.625 శాతం మీరే సొంతంగా న్యూజెర్సీకి కట్టాలి. యూజ్ టాక్స్ అంటే ఇదే.

ఇది నిన్నమొన్న పెట్టిన రూల్ కూడా కాదు. వాషింగ్టన్ స్టేట్ 1935లో సేల్స్ టాక్స్ పెట్టినప్పుడే దీన్నీ పెట్టింది, ఎందుకంటే పక్కనే ఒరెగన్‌లో టాక్స్ లేదు, జనం అంతా అక్కడికెళ్ళి కొనుక్కుంటే లోకల్ షాపులు మూసుకోవాల్సిందే. దానిమీద కోర్టుకెళ్తే 1937లో సుప్రీంకోర్టు స్టేట్‌కే సరే అంది. స్టేట్ లెవెల్లో సేల్స్ టాక్స్ లేనివి ఇప్పటికీ ఐదే, అలాస్కా, డెలావేర్, మోంటానా, న్యూహాంప్‌షైర్, ఒరెగన్ (అలాస్కాలో కొన్ని ఊళ్ళు సొంతంగా వేస్తాయి).

లెక్క ఎలా వెయ్యాలంటే, ముందు మీ ఊరి రేటు చూడండి, స్టేట్ రేటు ఒక్కటే చూస్తే చాలదు. న్యూయార్క్ స్టేట్ 4 శాతమే కానీ సిటీలో అన్నీ కలిపి 8.875, టెక్సస్ 6.25 కానీ లోకల్‌తో కలిపి 8.25 దాకా పోతుంది. తర్వాత కొన్నచోట ఎంత టాక్స్ కట్టారో చూడండి, మామూలుగా అది మీ స్టేట్ మినహాయిస్తుంది, తేడా మాత్రమే కట్టాలి. న్యూయార్క్ సిటీలోని క్వీన్స్‌లో ఉండేవాళ్ళు న్యూజెర్సీలోని ఎడిసన్‌లో 8,000 డాలర్ల సోఫా సెట్ కొని సొంత ట్రక్‌లో తెచ్చుకున్నారనుకోండి, అక్కడ 530 కట్టారు, న్యూయార్క్ సిటీ లెక్కన 710 కావాలి, కాబట్టి ఇంకో 180 బాకీ. అదే తిరగేసి ఎడిసన్ వాళ్ళు న్యూయార్క్‌లో కొని అక్కడి టాక్స్ కట్టి తెచ్చుకుంటే న్యూజెర్సీకి ఏమీ కట్టక్కర్లేదు, కానీ ఎక్కువ కట్టినది వెనక్కి కూడా రాదు. అందుకే ఎక్కువ రేటున్న చోట కొంటుంటే చేత్తో తెచ్చుకోకుండా ఇంటికి డెలివరీ పెట్టించుకోండి. షాపువాళ్ళే పంపిస్తే సాధారణంగా టాక్స్ డెలివరీ అయ్యే చోటి రేటు ప్రకారం పడుతుంది, ఇది పూర్తిగా చట్టప్రకారమే. నార్త్ కరొలైనాలో హైపాయింట్ ఫర్నిచర్ షాపుల నుంచి తెప్పించుకునేవాళ్ళకీ ఇదే లెక్క.

ఆన్‌లైన్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. షాపు మీ స్టేట్‌లో లేకపోయినా దానిచేత స్టేట్ టాక్స్ వసూలు చేయించుకోవచ్చని 2018 జూన్‌లో వేఫెయిర్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక పెద్ద సైట్లన్నీ మీ అడ్రస్ చూసి టాక్స్ వేసేస్తున్నాయి. చిన్న సెల్లర్ దగ్గర ఖరీదైన కెమెరాయో వీణో కొన్నప్పుడు మాత్రం బిల్లులో టాక్స్ లైన్ సున్నా ఉందేమో చూసుకోండి, ఉంటే ఆ బాకీ మీదే.

ఇక కారు. దీంట్లో తప్పించుకోవడం అనే మాటే లేదు, రిజిస్ట్రేషన్ దగ్గరే పట్టేస్తారు, అందుకని చేతిలో డబ్బు ఉంచుకోవడం ముఖ్యం. డాలస్‌లో ఉండేవాళ్ళు ఒరెగన్‌లో కారు కొంటే సేల్స్ టాక్స్ పడలేదని సంబరపడి తెచ్చుకుంటే టెక్సస్‌లో టైటిల్ (బండి ఓనర్ ఎవరో చెప్పే పేపరు) మార్చుకునేటప్పుడు కౌంటీ టాక్స్ ఆఫీసులో 6.25 శాతం కట్టాల్సిందే. డీలర్‌తో బేరం ఆడేటప్పుడే మూడు ప్రశ్నలు అడగండి: మా స్టేట్ టాక్స్ మీరే కట్టించుకుని పేపర్లు పంపిస్తారా, లేకపోతే మీ స్టేట్ టాక్స్ ఏమైనా వేస్తున్నారా, వేస్తే బిల్ ఆఫ్ సేల్‌లో విడిగా రాస్తారా. ఈ మూడోది చాలామంది వదిలేస్తారు. టాక్స్, డాక్యుమెంట్ ఫీజు, టైటిల్ ఫీజు అన్నీ కలిపి ఒకే అంకె రాసిచ్చారంటే కొన్నచోట ఎంత టాక్స్ కట్టారో మీ స్టేట్‌లో నిరూపించుకోలేరు, రెండుసార్లు కట్టే పరిస్థితి వస్తుంది. డెలావేర్‌లో సేల్స్ టాక్స్ లేకపోయినా అక్కడ బండి రిజిస్టర్ చేసుకునేవాళ్ళకి విడిగా డాక్యుమెంట్ ఫీజు ఉంది, అది కూడా గుర్తుపెట్టుకోండి.

ట్రేడ్-ఇన్ ఉంటే ఇంకో తేడా. 40,000 కారుకి పాత బండి 15,000కి ఇస్తే టెక్సస్‌లో మిగతా 25,000 మీదే టాక్స్, న్యూజెర్సీలోనూ అంతే, కాలిఫోర్నియాలో మాత్రం మొత్తం 40,000 మీద వేస్తారు. ఫ్రెండ్ దగ్గర పాత కారు కొని పేపర్ మీద తక్కువ ధర రాయించుకుందాం అనే ఆలోచన అసలు వద్దు. టెక్సస్‌లో మీరు కట్టిన ధర, ఆ మోడల్‌కి స్టేట్ వేసిన విలువలో 80 శాతం, రెండిట్లో ఏది ఎక్కువైతే దానిమీద తీసుకుంటారు. పైగా అబద్ధం రాసి సంతకం పెట్టినట్టు అవుతుంది.

స్టేట్ మారేవాళ్ళు, అంటే ప్రాజెక్ట్ మారి కుటుంబంతో షిఫ్ట్ అయ్యేవాళ్ళు, కొత్త కారు ఎప్పుడు కొనాలో ముందే ఆలోచించండి. టెక్సస్‌కి ముందునుంచీ మీ పేరుమీదే ఉన్న బండితో వస్తే కొత్త రెసిడెంట్ కింద 90 డాలర్లతో అయిపోతుంది. జార్జియాలో మామూలుగా 7 శాతం పడే టైటిల్ టాక్స్ కొత్తగా వచ్చినవాళ్ళకి 3 శాతమే, కాకపోతే 30 రోజుల్లో రిజిస్టర్ చేయించుకోవాలి. కాలిఫోర్నియాలో 12 నెలల రూల్ ఉంది, బయట కొన్న బండి సంవత్సరం తిరక్కుండా అక్కడికి తెస్తే కాలిఫోర్నియాలో వాడటానికే కొన్నారని అనుకుంటారు, కాదని చూపించుకోవాల్సింది మీరే.

మనవాళ్ళకి అస్సలు తట్టనిది నగల సంగతి. పెళ్ళికి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కొన్న నగలు అమెరికా తెచ్చుకున్నా యూజ్ టాక్స్ వర్తించే స్టేట్లు ఉన్నాయి. కాలిఫోర్నియానే తీసుకోండి, చేత్తో తెచ్చుకున్నవాటికి 30 రోజులకి ఒకసారి 800 డాలర్ల దాకా మినహాయింపు, ఆ పైన టాక్స్. 20,000 డాలర్ల నగలైతే 19,200 మీద కనీసం 7.25 శాతం, అంటే 1,392. ఇండియాలో కట్టిన 3 శాతం జీఎస్టీ ఇందులో తగ్గించరు, ఫెడరల్ కస్టమ్స్ డ్యూటీ లెక్క మళ్ళీ వేరే. కస్టమ్స్ డిక్లరేషన్లు చూసి ఆ స్టేట్ టాక్స్ వాళ్ళు ఉత్తరాలు కూడా పంపిస్తారు. ఇక్కడి నుంచే పాత నగలు వేసుకుని పెళ్ళికి వెళ్తున్నవాళ్ళు బయల్దేరే ముందు ఎయిర్‌పోర్ట్‌లో కస్టమ్స్ దగ్గర ఫారం 4457 మీద ముద్ర వేయించుకుంటే తిరిగొచ్చేటప్పుడు ఇవి కొత్తగా కొన్నవి కాదని చెప్పడం తేలిక.

ఎక్కడ కట్టాలి అంటే, ఇన్‌కమ్ టాక్స్ ఉన్న చాలా స్టేట్లలో ఆ రిటర్న్‌లోనే యూజ్ టాక్స్ లైన్ ఉంటుంది. న్యూజెర్సీ, న్యూయార్క్, పెన్సిల్వేనియా, కాలిఫోర్నియా అన్నిట్లో ఉంది. సాఫ్ట్‌వేర్ అడిగితే ఆలోచించకుండా సున్నా కొట్టేస్తాం, కానీ న్యూయార్క్ ఫారంలో ఆ గడి ఖాళీగా వదలకూడదు, సున్నా రాస్తే ఏమీ బాకీ లేదని మీరు సంతకం పెట్టి చెప్పినట్టే. చిన్నచిన్న వాటికి ఇన్‌కమ్‌ని బట్టి టేబుల్ ఇస్తారు, న్యూజెర్సీ, న్యూయార్క్‌లలో 1,000 డాలర్లు ఆ పైన ఉన్న వస్తువుకి ఒక్కోదానికి విడిగా లెక్క వెయ్యాలి. టెక్సస్, వాషింగ్టన్‌లో ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్ లేదు కాబట్టి యూజ్ టాక్స్ రిటర్న్ విడిగా వెయ్యాలి.

ఎవరు చూస్తారులే అనే వాళ్ళకి ఒక కేసు చెప్తా. టైకో కంపెనీ సీఈఓ డెనిస్ కొజ్లౌస్కీ మీద 2002లో న్యూయార్క్‌లో కేసు పెట్టారు, కొన్న పెయింటింగ్స్ మన్‌హటన్ అపార్ట్‌మెంట్‌లో పెట్టుకుని టాక్స్ లేని న్యూహాంప్‌షైర్‌కి ఖాళీ పెట్టెలు పంపించాడని ఆరోపణ, ఎగ్గొట్టింది 10 లక్షల డాలర్ల పైనే అన్నారు. ఖరీదైన కార్లకి మోంటానాలో ఎల్‌ఎల్‌సీ (పేరుకి ఒక కంపెనీ) పెట్టి అక్కడి నంబర్ ప్లేట్ తెచ్చుకోండి అని వీడియోలు తిరుగుతుంటాయి చూడండి, ఇదీ అలాంటిదే, బండి మీ ఇంటి ముందే ఉంటుంది కాబట్టి చాలా స్టేట్లు వీటి వెంట పడుతున్నాయి. సిటిజెన్‌షిప్‌కి వేసే ఎన్-400 ఫారంలో ఫెడరల్, స్టేట్, లోకల్ టాక్స్ ఏదైనా గడువు దాటి బాకీ ఉన్నారా అని నేరుగా అడుగుతారు. వీసా మీద ఇన్నేళ్ళు కష్టపడి అక్కడిదాకా వచ్చినవాళ్ళు కొన్ని వందల డాలర్ల కోసం ఆ ప్రశ్న దగ్గర తడబడటం నాకు చాలా బాధగా అనిపిస్తుంది. పాత సంవత్సరాల బాకీ ఉంటే నోటీసు వచ్చేలోపే మీరే కట్టేయండి, చాలా స్టేట్లలో పెనాల్టీ తగ్గుతుంది, ఎంత ఆలస్యం చేస్తే అంత వడ్డీ పెరుగుతుంది.

కట్టిన రసీదు పారెయ్యకండి. ఫెడరల్ రిటర్న్‌లో ఐటమైజ్ చేసేవాళ్ళు, అంటే స్టాండర్డ్ డిడక్షన్ బదులు ఖర్చులు విడివిడిగా చూపించేవాళ్ళు, స్టేట్ ఇన్‌కమ్ టాక్స్ బదులు సేల్స్ టాక్స్ చూపించుకోవచ్చు, టెక్సస్, ఫ్లోరిడా, వాషింగ్టన్ వాళ్ళకి ఇది బాగా కలిసొస్తుంది. ఐఆర్‌ఎస్ టేబుల్‌లో వచ్చే అంకెకి కారు మీద కట్టిన టాక్స్ అదనంగా కలుపుకోవచ్చు, అయితే ప్రాపర్టీ టాక్స్‌తో కలిపి మొత్తానికి పరిమితి ఉంటుంది కాబట్టి ఆ ఏడాది లిమిట్ చూసుకుని వేసుకోండి.