పిల్లల కోసం ఇచ్చే ప్రభుత్వ సాయానికి అప్లై చేసే ముందు జాగ్రత్తలు

- ముందు అర్హతలు పూర్తిగా చదవండి. పిల్లల వయసు, ఇంటి ఆదాయం ఏ తేదీ నాటికి లెక్కిస్తారో చూడండి. చాలామంది పొరబడేది ఇక్కడే.

- బిడ్డ పేరు, పుట్టిన తేదీ అన్ని కాగితాల్లో ఒకేలా ఉన్నాయా? ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరంగా ఉండటం మామూలే. ఒక్క అక్షరం తేడాకే దరఖాస్తు ఆగిపోవచ్చు. దిద్దించడానికి రోజులు పడుతుంది కాబట్టి ఫారం ముట్టుకోకముందే ఆ పని చూసుకోండి.

- బ్యాంకు ఖాతా వాడుకలో ఉండాలి.

- ఆదాయం తగ్గించి రాయొద్దు. బయటపడితే తీసుకున్న డబ్బు తిరిగి కట్టమంటారు.

- "మంజూరు చేయిస్తాం, ముందు ఫీజు పంపండి" అని ఫోనొస్తే పెట్టేయండి. ఓటీపీ అసలు చెప్పకండి.

- చివరి రోజు దాకా ఆగితే సర్వర్‌తో టెన్షనే. పంపాక రసీదు నంబరు ఫొటో తీసి ఉంచుకోండి.