జర్మనీలో మాస్టర్స్‌కి కన్సల్టెన్సీ లేకుండా మీరే అప్లై చేసుకోవడం ఎలా?

మా తమ్ముడు బీటెక్ ఫైనలియర్‌లో ఉన్నప్పుడు వాణ్ని తీసుకుని ఒక కన్సల్టెన్సీకి వెళ్లాను. కాఫీ ఇచ్చారు, మా సర్వీసు పూర్తిగా ఫ్రీ అన్నారు, మూడు యూనివర్సిటీల పేర్లు రాసి చేతిలో పెట్టారు. ఇంటికొచ్చి చూస్తే మూడూ ప్రైవేటువే, ఏడాదికి పది లక్షలకు పైనే ఫీజు. జర్మనీలో చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజే లేదన్న మాట అక్కడ ఎవరి నోటా రాలేదు. ఎలా వస్తుంది? కన్సల్టెన్సీకి కమీషన్ వచ్చేది ప్రైవేటు యూనివర్సిటీల నుంచే కదా. చివరికి వాడే కూర్చుని అప్లై చేసుకున్నాడు. నేను పక్కన కూర్చుని కాగితాలు సర్దిపెట్టాను.

ముందు క్యాలెండర్ తీయండి

అక్కడ వింటర్ సెమిస్టర్ అక్టోబరు 1న మొదలవుతుంది. ఎక్కువ కోర్సులు ఉండేది అందులోనే. అక్కణ్నుంచి వెనక్కి లెక్కేయండి. వీసాకి జూన్ నుంచి ఆగస్టు. అప్లికేషన్లకు చివరి తేదీ చాలాచోట్ల జూలై 15 అంటారు గానీ, మన లాంటి విదేశీ విద్యార్థులకు మార్చి, ఏప్రిల్, మే నెలల్లోనే తలుపులు మూసేసే యూనివర్సిటీలు బోలెడు. మన చదువు కాగితాలు అసలువేనని తేల్చే ఏపీఎస్ సర్టిఫికెట్, ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్ష స్కోరు అంతకన్నా ముందే చేతిలో ఉండాలి. అంటే ఎక్కాల్సిన విమానానికి ఏడాది ముందే పని మొదలవ్వాలి.

పేరు సరిచూసుకోండి

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. మన తెలుగువాళ్లకు ఇదే పెద్ద తలనొప్పి. టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, డిగ్రీలో పూర్తిగా ఉంటుంది, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటుంది. మనకు ముగ్గురూ ఒకడే. అక్కడి క్లర్కుకు ముగ్గురు వేరు వేరు మనుషులు. పాస్‌పోర్టులో మార్పులేమైనా ఉంటే అన్నిటికన్నా ముందు అవి చేయించండి. ఎందుకంటే కొత్త పాస్‌పోర్టుకు కొత్త నంబరు వస్తుంది. ఈలోగా పాత నంబరుతో ఐఈఎల్‌టీఎస్ రాసేసి ఉంటే ప్రతిచోటా సంజాయిషీ చెప్పుకుంటూ తిరగాలి. పాస్‌పోర్టులో ఎలా ఉందో అన్నిచోట్లా అక్షరం తేడా లేకుండా అలాగే నింపండి.

మీ బ్రాంచికి సరిపోయే కోర్సే వెతకండి

మెకానికల్ చదివి అమెరికాలో డేటా సైన్స్‌లో ఎంఎస్ చేసినవాళ్లు మనకు వీధికొకరు కనిపిస్తారు. ఆ ధైర్యంతో జర్మనీకి అప్లై చేస్తే వరసగా రిజెక్ట్‌లే. అక్కడ బీటెక్‌లో మీరేం చదివారు, ఏ సబ్జెక్టుకు ఎన్ని క్రెడిట్లు అన్నది చూస్తారు. కంప్యూటర్ సైన్స్‌లో చేరాలంటే లెక్కలు ఇన్ని క్రెడిట్లు, థియరీ ఇన్ని, ప్రోగ్రామింగ్ ఇన్ని అని కోర్సు నిబంధనల్లోనే రాసి ఉంటుంది. ఒక పట్టిక గీయండి. వాళ్లు అడిగిన సబ్జెక్టులు ఒక పక్క, మీ సిలబస్‌లో దానికి సరిపోయేవి ఇంకో పక్క. సగానికి సగం ఖాళీగా ఉంటే ఆ కోర్సు వదిలేయండి. మీ యూనివర్సిటీ సిలబస్ కాపీ మొత్తం పీడీఎఫ్‌గా దాచుకోండి, కొన్నిచోట్ల అడుగుతారు.

కోర్సులు వెతకడానికి డాడ్ (DAAD) అనే జర్మన్ సంస్థ వెబ్‌సైట్‌లో మంచి డేటాబేస్ ఉంది. ఇంగ్లిష్‌లో చెప్పేవి, ఫీజు లేనివి అని జల్లెడ పట్టొచ్చు. ప్రతి కోర్సుకూ చివరి తేదీ, కావాల్సిన స్కోరు, ఎక్కడ అప్లై చేయాలి అన్నవి ఒక ఎక్సెల్ షీట్‌లో రాసుకోండి.

మార్కుల లెక్క కూడా ముందే వేసుకోండి. పది నుంచి మీ సీజీపీఏ తీసేయండి. వచ్చినదాన్ని, పదికీ పాస్ గ్రేడుకూ ఉన్న తేడాతో భాగించి, మూడుతో గుణించి, ఒకటి కలపండి. పాస్ గ్రేడు 5, మీది 7.5 అయితే 2.5 వస్తుంది. అక్కడ తక్కువ అంకె వస్తే మంచిది. 1 అంటే టాపర్, 4 అంటే గట్టెక్కినట్టు. చాలా కోర్సులు 2.5 దగ్గర గీత గీస్తాయి.

ఏపీఎస్, ఐఈఎల్‌టీఎస్

మన సర్టిఫికెట్లు అసలువేనని తేల్చే పరిశీలన పేరు ఏపీఎస్. 2022 నవంబరు నుంచి మన దేశ విద్యార్థుల వీసాకు తప్పనిసరి చేశారు. ఫీజు 18,000 రూపాయలు. వారాలు పట్టే పని, కాబట్టి అప్లికేషన్ల సీజన్ దాకా ఆగొద్దు. టెన్త్, ఇంటర్ మెమోలు, అన్ని సెమిస్టర్ల మార్కుల మెమోలు, సీఎంఎం (అన్ని సెమిస్టర్ల మార్కులూ కలిపి ఇచ్చే మెమో), ప్రొవిజినల్ సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోండి. బ్యాక్‌లాగ్‌లు ఉంటే ఆ మెమోలు కూడా. దాచేద్దామనుకోవద్దు, దొరికిపోతారు.

ఐఈఎల్‌టీఎస్ 6.5 ఉంటే చాలా కోర్సులకు సరిపోతుంది. ఇంగ్లిష్ మీడియంలోనే చదివామని కాలేజీ ఇచ్చే లెటర్‌ను కొన్ని యూనివర్సిటీలు ఒప్పుకుంటాయి గానీ, దాన్ని నమ్ముకుని కూర్చోకండి.

అప్లికేషన్లు

కొన్ని యూనివర్సిటీలు తమ పోర్టల్‌లోనే తీసుకుంటాయి. మరికొన్ని, యూనివర్సిటీల తరఫున అప్లికేషన్లు పరిశీలించే యూని-అసిస్ట్ అనే సంస్థ ద్వారా పంపమంటాయి. యూని-అసిస్ట్‌లో మొదటి కోర్సుకు 75 యూరోలు, తర్వాత ఒక్కోదానికి 30. అయిదు కోర్సులకు 195 యూరోలు అవుతాయి. వాళ్ల పరిశీలనకే నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, కాబట్టి చివరి తేదీకి ఎనిమిది వారాల ముందే పంపండి. డబ్బు కట్టకపోతే ఫైలు కదలదు.

మోటివేషన్ లెటర్‌లో "చిన్నప్పటి నుంచి నాకు కంప్యూటర్లంటే ఇష్టం" అని మొదలుపెట్టకండి. అవతల చదివేవాళ్లు రోజుకు అలాంటివి ఎన్ని చూస్తారో! మీ ప్రాజెక్టు ఏంటి, అందులో ఎక్కడ ఆగిపోయారు, ఆ కోర్సులో ఏ సబ్జెక్టు దానికి పనికొస్తుంది అన్నవి రాయండి. ఒక పేజీ చాలు.

డబ్బు

ఫీజు లేదంటే ఖర్చు లేదని కాదు. సెమిస్టర్‌కు 100 నుంచి 350 యూరోల దాకా ఒక రుసుం కట్టాలి. చాలాచోట్ల అందులోనే బస్సు, రైలు పాసు కలిసి ఉంటుంది. స్టుట్‌గార్ట్, కార్ల్స్‌రూహె, హైడెల్‌బర్గ్ ఉన్న బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం మనలాంటివాళ్లకు సెమిస్టర్‌కు 1,500 యూరోల ఫీజు ఉంది. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా 2024 నుంచి ఫీజు పెట్టింది.

అసలు బరువు బ్లాక్డ్ అకౌంట్‌ది. ఏడాది ఖర్చులకని ముందే 11,904 యూరోలు అందులో వేసి చూపిస్తేనే వీసా. యూరోకు వంద రూపాయల లెక్కన దాదాపు 12 లక్షలు. ఈ డబ్బు ఎవరికీ ఇచ్చేయడం కాదు. అక్కడికి వెళ్లాక నెలకు 992 యూరోల చొప్పున మీకే వస్తుంది. బ్యాంకు లోనుకు వెళ్తే ఈ మొత్తాన్ని కూడా అంచనాలో కలపమని అడగండి. లేదంటే ట్యూషన్ ఫీజు సున్నా కాబట్టి లోను దేనికని మేనేజర్ అడుగుతారు, మమ్మల్ని అలాగే అడిగారు. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ విద్యార్థులకు 20 లక్షల దాకా ఇచ్చే ఓవర్సీస్ పథకాలు ఉన్నాయి. కుటుంబ ఆదాయ పరిమితి ఉంటుంది, నోటిఫికేషన్ వచ్చినప్పుడు ఈ-పాస్ పోర్టల్‌లో చూసుకోండి.

పార్ట్‌టైమ్ చేసి అన్నీ నెట్టుకొస్తా అనుకునేవాళ్లకు ఒక మాట. ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పని చేయనిస్తారు. కానీ మొదటి నెలల్లోనే పని దొరుకుతుందని లెక్కలేసుకోవద్దు. క్లాసులు ఇంగ్లిష్‌లో జరిగినా కేఫ్‌లో పని జర్మన్‌లోనే. అడ్మిషన్ కోసం ఎదురుచూసే నెలల్లో జర్మన్‌లో మొదటి రెండు మెట్లయిన ఏ1, ఏ2 నేర్చుకోండి. హైదరాబాద్‌లో జర్మన్ నేర్పే గోథే సెంట్రమ్ ఉంది. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే 18 నెలల్లోనూ ఈ జర్మనే అక్కరకొస్తుంది.

వీసా, గది, పెట్టె

అడ్మిషన్ లెటర్ వచ్చిన రోజే రెండు పనులు చేయండి. ఒకటి వీసా అప్లికేషన్. ఇప్పుడు ముందుగా ఆన్‌లైన్ పోర్టల్‌లో నింపాలి, ఫీజు 75 యూరోలు. రెండోది ఆ ఊరి విద్యార్థి హాస్టల్ వెయిటింగ్ లిస్టులో పేరు రాయించడం. ప్రైవేటు గది చూపించకుండానే అడ్వాన్స్ పంపమన్నారంటే అది మోసమే అనుకోండి, ఫొటోలు ఎంత బాగున్నా సరే. దిగాక రెండు వారాల్లో నగర కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి. దానికి ఇంటి యజమాని సంతకం చేసిన కాగితం కావాలి. అది ఇవ్వనన్న గది ఎంత చవకైనా వద్దు.

పెట్టె విషయంలో అమ్మలకు చెప్పండి: మాంసం, పాల పదార్థాలు ఐరోపాలోకి తీసుకెళ్లనివ్వరు. అంటే నాటుకోడి పచ్చడి, నెయ్యి సీసా ఇంట్లోనే. గోంగూర, ఆవకాయకు అడ్డు లేదు. ఆదివారం దిగేలా టికెట్ తీసుకోకండి, ఆ రోజు షాపులు దాదాపు అన్నీ మూసే ఉంటాయి. తప్పదంటే చేతిసంచిలో పులిహోర పొట్లం ఒకటి పెట్టుకోండి.